పొత్తిగుడ్డలు లెక్కబెట్టిన మధ్యాహ్నం

రండి, గుమ్మం దగ్గరే ఆగిపోకండి. ఈ చాప మీద ఇంకా జాగా ఉంది, కాస్త ఇటు జరిగి కూర్చోండి. చేతిలో ఫోనుంటే బోర్లా పెట్టండి. నా గొంతు పెద్దది కాదు, దగ్గరగా ఉంటేనే వినపడుతుంది. మా పని గురించి చాలామంది అడుగుతుంటారు, ఇంటింటికీ తిరిగి ఏం చేస్తారమ్మా మీరు అని. అన్నీ చెప్పలేను. ఒక్క పిల్ల సంగతి చెబుతాను, అందులోనే మిగతాదంతా ఉంది.

కరోనా మాస్కులను జనం అటక మీద పడేసి మరిచిపోయిన మరుసటి ఎండాకాలం అది. గురజాల దాటి మాచర్ల వైపు పోతుంటే రోడ్డుకు లోపలగా ఉంటుంది మా ఊరు. మిరప, పత్తి పండే ఊరు. ఊరికి నాలుగైదు మైళ్ల దూరంలో, టౌను మొదలయ్యీ మొదలవకముందే, నాపరాళ్లు కోసే మిల్లులున్నాయి. వాటి చుట్టూ రేకుల గదులు, అద్దె పోర్షన్లు లేచాయి. మేమంతా దాన్ని మిల్లుల కాలనీ అంటాం. అది టౌనూ కాదు, పల్లే కాదు. రాయి కోసే రంపాల మీద పోసిన నీళ్లు బురదై కాలవల్లో పారి, ఎండి, పొడిగా మారి గాలికి లేస్తాయి. మధ్యాహ్నం అక్కడికి వెళితే వేపాకు మీదా, జామాకు మీదా, మేకల వీపుల మీదా తెల్లటి పొడే. కళ్లు సగం మూసుకుని చూస్తే కాలనీ మొత్తాన్ని ఎవరో పాలల్లో ముంచి ఆరబెట్టినట్టు ఉంటుంది. ఇప్పుడు తలుచుకున్నా నాకు అది నిజంగా చూసిన చోటులా అనిపించదు, కునుకులో చూసిన చోటులా అనిపిస్తుంది.

నేను ఆశా వర్కర్ని. గర్భిణులను, బాలింతలను, పసిపిల్లలను కనిపెట్టుకుని ఉండటం, టీకాల రోజున తల్లులను పిలుచుకురావటం మా పని. సూది వేసేది మేం కాదు, ఏఎన్ఎం, అంటే నర్సమ్మ. మా నర్సమ్మ పేరు భారతి. నేను ఎనిమిది దాకానే చదివాను, ఆ తర్వాత మిరప కోతలకు పోయాను. రాత నాకు నెమ్మది. దేవుడు దానికి బదులు జ్ఞాపకం ఇచ్చాడు. మా ఊళ్లో ఏ బిడ్డ ఏ వారం పుట్టింది, ఆ రోజు వాన పడిందా లేదా, మంత్రసానితనం ఎరిగిన ముసలమ్మ ఏమన్నది, అన్నీ నాకు గుర్తే. ప్రతి నెలా మేం డ్యూ లిస్ట్ అని ఒకటి రాస్తాం. ఈ నెల ఏ బిడ్డకు ఏ టీకా వేయాలో చెప్పే జాబితా అది. మిగతావాళ్లు రిజిస్టర్ చూసి రాసుకుంటే, నేను కళ్లు మూసుకుని చెప్పేదాన్ని. ఆ గర్వమే నన్ను ముంచింది, వినండి.

ఆ వేసవిలో నరసరావుపేటలో మీటింగు పెట్టారు. చల్లటి గది, తెర మీద బొమ్మలు. ఆఫీసరు గారు మూడు నిలువు గీతలు చూపించారు. ఒకటి పేటలో ఒక వార్డు, ఒకటి టౌను శివారు కాలనీ, ఒకటి పల్లె. ఎక్కడ నూటికి ఎంతమంది పిల్లలకు టీకాలు పూర్తయ్యాయో ఆ గీతల పొడవు చెబుతుందన్నారు. పల్లెది పొట్టిగా ఉంటుందని అందరం అనుకున్నాం. దూరం, బస్సులుండవు, కూలికి పోతే ఇంట్లో ఎవరూ ఉండరు. తీరా చూస్తే పల్లె గీత అన్నిటికన్నా పొడుగ్గా నిలబడి ఉంది. అది మా ఊరిది.

"అంజమ్మ గారు ఎవరమ్మా? లేచి నిలబడండి" అన్నారు ఆఫీసరు గారు.

లేచాను. చప్పట్లు కొట్టారు. నా వెనక కూర్చున్న ఒకామె నా చీర కొంగు లాగి, "ఏందక్కా, మీ ఊళ్లో కోడిపిల్లలకు గూడా వేయించావా?" అంది. గదంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

కాలనీ గీత కూడా పొడుగ్గానే ఉంది, పేట వార్డుతో సమంగా. అద్దెకుండే వాళ్ల పిల్లలు ఆ గీతలో ఉన్నారా అని ఆ రోజు ఎవరికీ తోచలేదు. నాకసలే తోచలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. పిడుగురాళ్ల దగ్గర సున్నపు బట్టీల పొగ ఆకాశంలోకి పోయి, ఎక్కడ పొగో ఎక్కడ మబ్బో తెలియలేదు. కునికిపాట్లు పడుతూ నేను ఆ పొడుగాటి గీత మీద నడుచుకుంటూ ఇంటికొచ్చేశాను.

ఇప్పుడు సిరి గురించి చెప్పాలి. మా ఊరి కోటమ్మత్త కొడుకు శ్రీను. నాపరాళ్లు వేసుకుని బెంగళూరు దాకా లారీ తోలతాడు. అతని భార్య దుర్గది పేట, అంటే నరసరావుపేటే. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి గదా మనకి. దుర్గ పేటలో కన్నది, ఐదో నెలలో బిడ్డతో వచ్చింది. కాపురం మిల్లుల కాలనీలో, రేషను కార్డు మా ఊళ్లో. పండగకీ పబ్బానికీ పిల్లనెత్తుకుని అత్తగారింటికి వస్తుండేది. అందుకని సిరి పేరు నా జాబితాలోనే ఉంది.

మీటింగుకు నెల ముందు నేను రిజిస్టరు పట్టుకుని కోటమ్మత్త ఇంటికి వెళ్లాను. అరుగు మీద ఎర్రగా మిరపకాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది.

"అత్తా, సిరికి టీకాలు ఎందాకా అయినయ్?"

"అన్నీ పేటలోనే అయినయ్యే. మా వియ్యపురాలు గట్టిదిలే, ఏదీ వదలదు."

"కార్డు చూపించు మరి."

"కార్డు ఆడే ఉంది. జాతకం కాయితం, ఈ కార్డు ఒక పెట్టెలో పెట్టి పసుపు రాసి దాచింది మహాతల్లి. నేనడిగితే, ఏం వదినా అనుమానమా అంటది. ఎందుకొచ్చిన గోలే నాకు? ఇదిగో, ఈ కారం కాస్త తీసకపో."

కార్డంటే తల్లీబిడ్డల కార్డు. ఏ టీకా ఏ తారీఖున వేశారో అందులో గళ్లలో రాస్తారు. అది చూడకుండా టిక్కు పెట్టకూడదని మాకు మొదటి రోజే నేర్పుతారు. కానీ కోటమ్మత్త అబద్ధమాడే మనిషి కాదు. పేటలో వీధికో ఆసుపత్రి. అక్కడ పుట్టిన బిడ్డకు టీకాలు పడకుండా ఉంటాయా? నేను టిక్కు పెట్టాను. పుట్టింట్లో పూర్తి అని పక్కన రాశాను. కారం పొట్లం కట్టుకుని ఇంటికొచ్చాను.

మీటింగు అయిన రెండు వారాలకు, పొద్దున్నే భారతి గారు ఫోను చేశారు. కాలనీలో ఒక పాపకు జ్వరం, ఒళ్లంతా ఎర్రటి పొక్కులు, తోడుగా రమ్మన్నారు. కాలనీ నా పరిధి కాదు. సగం టౌను కిందికి పోతుంది, సగం ఎవరి కిందికి పోతుందో నాకు ఇప్పటికీ తెలీదు. అయినా వెళ్లాను.

పాప పేరు మల్లి. రెండేళ్లుంటాయి. తల్లి సుజాత, కృష్ణ అవతల నుంచి వచ్చిన మనిషి. మొగుడూ పెళ్లాం ఇద్దరూ మిల్లులో రాళ్లు పాలిష్ పడతారు. పిల్ల కళ్లు ఎర్రగా, నీళ్లు కారుతూ, తలుపు సందులోంచి వచ్చే వెలుతురు కూడా ఓర్చుకోలేక మొహం తిప్పుకుంటోంది.

"మూడొద్దుల సంది జరం అక్కా" అంది సుజాత. "ఇయ్యాల పొద్దుగాల మొఖం మీద గివి లేసినయ్."

"టీకాలు వేయించావా అమ్మా?"

"మా ఊర్ల చిన్నగున్నప్పుడు రెండుసార్లు ఏసిన్రు. గీడికొచ్చినంక ఎవ్వలూ రాలే. ఎక్కడ ఏస్తరో నాకు తెల్వది."

భారతి గారు పిల్ల నోట్లో టార్చి వేసి చూశారు. "తట్టు లాగే ఉంది" అన్నారు. తట్టంటే మీకు తెలుసు, చిన్నమ్మవారంటారు మన పెద్దవాళ్లు. పిల్లకు ఊపిరి కూడా వేగంగా ఆడుతోంది. వెంటనే ఆటో పిలిచి తల్లీపిల్లలను పెద్దాసుపత్రికి పంపించాం. ఆటో వెళ్లిన చోట పొడి లేచి చాలాసేపు గాలిలోనే నిలబడింది.

అది దిగేసరికి పక్క గది గుమ్మంలో దుర్గ కనపడింది. చంకలో సిరి. పదకొండు నెలలు నిండిన పిల్ల, కొత్తగా వచ్చిన రెండు పళ్లతో నన్ను చూసి నవ్వింది.

"ఏమే దుర్గా, నువ్వు ఊళ్లో ఉన్నావనుకున్నానే!"

"మొన్న పొద్దుగూకే ఏళకి వచ్చానక్కా. మల్లికి మా సిరంటే పేణం. రాగానే వాటేసుకుని ముద్దులే ముద్దులు."

మల్లి మొహం మీది పొక్కులు గుర్తొచ్చాయి. మళ్లీ నేనే సర్దుకున్నాను. సిరికి తొమ్మిది నిండగానే ఎంఆర్ పడి ఉంటుంది గదా, అంటే తట్టు టీకా. అంతలోనే లెక్క అడ్డొచ్చింది. ఐదో నెలలో పేట నుంచి వచ్చేసిన పిల్లకు తొమ్మిదో నెల టీకా పేటలో ఎవరు వేస్తారు? అంత జ్ఞాపకం ఉన్నదాన్ని, ఈ చిన్న లెక్క వేసుకోకుండానే టిక్కు పెట్టాను.

"దుర్గా, నెలన్నరప్పుడు వేసే సూది ఏ తొడకు వేశారే? పిల్ల బాగా ఏడ్చిందా?"

దుర్గ పిల్ల జుబ్బా గుండీ పెడుతూ తీస్తూ నిలబడింది. చివరికి కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఏయించలేదక్కా. పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఏసిందే. నెలన్నరకు తీసకపోదామంటే మా అమ్మ వద్దంది. ఆ వారమే ఉయ్యాల వేడుక, మా అత్తోళ్లు వస్తన్నారు. సూదేస్తే జరం వస్తది, కాలు వాస్తది, పిల్లను ఇట్టా చేశారా అని మాట పడాల్సొస్తది అంది. అత్తింటికి పోయినాక వాళ్లే ఏయిస్తార్లే అంది. ఈడికొచ్చినాక మా అత్త, అన్నీ అయినయ్ గదా అంది. అవునన్నాను. ఇప్పుడు కాలేదంటే మా అమ్మ పరువేం గాను? అక్కా, నీకు దణ్ణం పెడతా, మా అత్తకు చెప్పమాక."

చూశారా? పేట వాళ్లు పిల్ల అత్తింటికి పోయిందని వాళ్ల జాబితాలోంచి తీసేశారు. నేను పుట్టింట్లో అయిందని టిక్కు పెట్టాను. కాలనీ జాబితాకు ఈ పిల్ల సంగతే తెలీదు. మూడు జాబితాలూ నిండుగా ఉన్నాయి. ఈ పిల్ల ఒంట్లో మాత్రం ఏమీ లేదు.

భారతి గారు నన్ను పక్కకు తీసుకెళ్లారు. "అంజమ్మా, తట్టున్న బిడ్డతో కలిసిన మూడు రోజుల్లోపు ఎంఆర్ వేస్తే కాపాడొచ్చు. ఖాయమని చెప్పలేను, కానీ అవకాశముంది. మొన్న సాయంత్రం అంటే, రేపు సాయంత్రం దాకే మనకు గడువు" అన్నారు.

దుర్గ ఒప్పుకోలేదు. మొగుడు బెంగళూరు దారిలో ఉన్నాడు, ఫోను అందటం లేదు. అత్తకు చెప్పకుండా సూది వేయిస్తే, రేపు జ్వరం వచ్చినప్పుడు ఏం చెప్పాలి? మేం ఇట్లా తర్జనభర్జన పడుతుంటే కోటమ్మత్తే ఆటో దిగింది. కాలనీలో అమ్మవారు పోసిందని ఊరికి అప్పుడే కబురు పోయింది. ఒక చేతిలో వేపరొట్ట, ఒక చేతిలో మజ్జిగ చెంబు.

"ఇదేందే, మీ ఇద్దరూ ఈడ చేరారు?" అంది.

"సిరికి తట్టు టీకా వేద్దామనత్తా."

"అన్నీ అయినయ్ గదా! ఏసిందే ఎన్నిసార్లు ఏస్తారు? అయినా అమ్మ తిరుగుతున్న వాడలో సూది పొడుస్తారటే? నీకు బుద్ధుందా?"

"అత్తా, ఒకసారి మీ వియ్యపురాలికి ఫోను చెయ్యి."

చేసింది. స్పీకరు పెట్టింది. పేట నుంచి రమణమ్మ గొంతు వచ్చింది, వెనక కుక్కరు కూత. "ఏం వదినా, బాగున్నారా?"

"బాగనే ఉన్నాం. వదినా, పిల్లకు టీకాలన్నీ ఏయించావు గదా? ఈళ్లు నమ్మటం లేదు."

అవతల కుక్కరు రెండు కూతలు కూసింది. "ఆఁ, ఏయించాం వదినా. ఏయించకుండా ఎట్టా పంపుతాం?"

దుర్గ తల వంచుకుంది. ఇప్పుడు రమణమ్మ అబద్ధం చెప్పిందని నేనంటే ఆ తల్లి ఇక జన్మలో నోరు విప్పదు. కూతురు కాపురంలో ఆ మాట ముల్లులా ఉండిపోతుంది. గుమ్మం అవతల ఎండలో తెల్లటి పొడి ఆడుతోంది. సిరి చెయ్యి చాచి దాన్ని పట్టుకోవాలని చూస్తోంది. నేను సంచిలోంచి రిజిస్టరు తీశాను.

"రమణమ్మక్కా, నేను వీళ్లూరి ఆశాను, అంజమ్మని. ముందు నా తప్పు వినండి. నేను కార్డు చూడకుండా మీ మనవరాలికి టిక్కు పెట్టాను. దానికి పేటలో నాకు చప్పట్లు కొట్టారు. నేను పెట్టింది దొంగ టిక్కు. ఇదిగో, కోటమ్మత్త ముందే కొట్టేస్తన్నాను. పక్క గదిలో పిల్లకు తట్టు వచ్చింది. ఊపిరాడక ఆసుపత్రికి పోయింది. నాకు ఎవరి తప్పూ వద్దు. ఒక్క మాట చెప్పండి, ఈ పిల్లకు వేయనా, అక్కర్లేదా?"

పెన్నుతో కొట్టేశాను. తొందరలో గీత పక్క పేరు మీదికి కూడా పోయింది.

ఫోనులో ముందు ఏడుపు వచ్చింది, తర్వాత మాట. "ఏయండమ్మా. పుట్టినప్పుడు తప్ప ఏం ఏయించలా. వదినా, నన్ను తిట్టమాక. నువ్వు వచ్చే ఏళకు పిల్ల కాలు వాచి ఉంటే ఏమంటావో అని భయపడ్డాను."

ఇక ఇల్లు ఎగిరిపోతుందనుకున్నాను. కోటమ్మత్త వేపరొట్ట కింద పెట్టింది. నేల మీద చతికిలబడింది. అప్పుడంది, "నాకూ అనుమానమే వదినా. కాలు మీద ఒక్క సూది మచ్చా కనపడలా. అడిగితే నేనేయించాలి. ఏయిస్తే జరం వస్తది. జరంలో పిల్ల చిక్కిపోతే, అత్తింటోళ్లు నా మనవరాల్ని పీక్కుతిన్నారని నువ్వంటావని నేను నోరు మూసుకున్నా."

"అయ్యో వదినా, నేనట్టా అంటానా?"

"మరి నేనంటానా? నీకు నేను భయం, నాకు నువ్వు భయం. మధ్యలో ఈ గుంటముండ సంగతి ఎవరికీ పట్టలా!" అని సిరిని లాక్కుని ముద్దు పెట్టుకుంది. తర్వాత నావైపు తిరిగింది. "ఇంకా చూస్తన్నావేందే? పిలువు నర్సమ్మని!"

కాలనీ పక్కనున్న అంగన్‌వాడీ వరండాలో భారతి గారు ఆసుపత్రి నుంచి తెప్పించిన వ్యాక్సిన్ క్యారియర్ తెరిచారు. అది నీలం రంగు డబ్బా, లోపల ఐసు పలకల మధ్య మందు సీసాలుంటాయి. మూత తీయగానే చల్లటి ఆవిరి పైకి లేచింది. ఆ ఎండలో ఆ ఆవిరి కలలో వచ్చే పొగమంచులా ఉంది. ఎంఆర్ మందు పొడిగా ఉంటుంది. నీళ్లు కలిపాక నాలుగు గంటలే దాని ప్రాణం, ఆ తర్వాత మిగిలింది పారేయాల్సిందే. ఒక్క సీసాలో ఎంతోమందికి సరిపడా డోసులుంటాయి.

"ఒక్క పిల్ల కోసమైనా తెరుస్తాను" అన్నారు భారతి గారు. సిరి కుడి చేతికి ఎంఆర్ పడింది. తప్పిపోయిన వాటిలో ఆ రోజు వేయదగినవన్నీ వేశారు, కళ్లకు మంచిదని విటమిన్ ఎ నోట్లో పోశారు. పిల్ల కాలనీ అంతా వినపడేలా ఏడ్చింది. భారతి గారు గడియారం చూసుకున్నారు. "మిగతా మందు నీ చేతిలో ఉంది అంజమ్మా. నాలుగు గంటలు. వెళ్లి పిల్లలను పట్టుకురా."

ఎక్కడని వెతకను? నా దగ్గర వాళ్ల పేర్లున్న కాయితం ఏదీ లేదు. నా జ్ఞాపకంలోనూ ఆ వీధులు లేవు. మధ్యాహ్నం, పనివాళ్లంతా మిల్లుల్లో ఉన్నారు, రంపాల చప్పుడు దూరంగా తేనెటీగల మోతలా వస్తోంది. తలుపులన్నీ దగ్గరగా వేసున్నాయి. వీధి మొదట్లో నిలబడి చూస్తే, గది నుంచి గదికి కట్టిన తీగల మీద బట్టలు గాలికి ఊగుతున్నాయి. లుంగీలు, చీరలు, వాటి మధ్య చిన్న చిన్న పొత్తిగుడ్డలు. పసిబిడ్డ కింద పరిచే మెత్తటి పాతచీర ముక్కలు. అరచేయంత జుబ్బా ఒకటి. తాడు కట్టిన చిన్న లాగు. నాకు ఆ క్షణాన తలుపులు కనపడలేదు, గోడలు కనపడలేదు. పిల్లలే తీగలకు వేలాడుతూ, ఎవరొచ్చి దించుతారా అని నెమ్మదిగా ఊగుతున్నట్టు అనిపించింది.

పొత్తిగుడ్డ ఉన్న తలుపునల్లా కొట్టాను. కోటమ్మత్త నా వెనకే వచ్చింది, పిలవకుండానే.

"ఏమే, ఈ జుబ్బా ఎవరిది?" అని అరిచేది.

"మా తమ్ముడి కొడుకుది. ఏం?"

"కార్డుందా? లేదా? నా మనవరాలికీ లేదులే, సిగ్గుపడమాక! రా, ఇప్పుడే ఏయించుకొచ్చా. బతికే ఉంది, ఏడుపు వినపడలా నీకు?"

నేను వంద మాటలు చెప్పినా కదలని తల్లులు ఆ ఒక్క అరుపుకు కదిలారు. దుర్గి అనే ఊరి నుంచి వచ్చి రాతి విగ్రహాలు చెక్కే వాళ్ల పిల్ల, లారీ క్లీనరు పిల్లలు, సున్నపు బట్టీ మానేసి వచ్చిన వాళ్ల కవలలు. ఒక్కొక్కరి పేరు అడిగి రాసుకున్నాను. నా వేళ్ల మీద లెక్క రెండుసార్లు తిరిగి మళ్లీ మొదటికొచ్చింది. ఆ నాలుగు గంటలు గడవకముందే సీసా ఖాళీ అయింది. రెండోది తెరవాల్సొచ్చింది. సందు చివర ఇంకా తీగలు ఉండిపోయాయి. వాటి కోసం వారమంతా తిరిగాం.

మర్నాడు సిరికి జ్వరం వచ్చింది. కోటమ్మత్త తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. పది గంటల బస్సుకు రమణమ్మ దిగింది, చంకలో పసుపు మరకల పెట్టె. అందులోంచి కార్డు తీసి నా చేతిలో పెట్టింది. పుట్టిన రోజు గడి ఒక్కటే నిండి ఉంది. మిగతా గళ్లన్నీ తెల్లగా ఉన్నాయి. వియ్యపురాళ్లిద్దరూ పిల్లకు చెరోవైపు కూర్చుని, ఒకరు నుదురూ ఒకరు పాదాలూ నిమురుతూ ఉన్నారు. ఆ జ్వరం సూదిదని భారతి గారు చెప్పారు, రెండు రోజుల్లో దిగిపోయింది. కానీ తట్టు పొక్కులు లేవటానికి రెండు వారాలు పట్టొచ్చు. ఆ రెండు వారాలూ నేను రోజూ పొద్దున్నే వెళ్లి పిల్ల చెవుల వెనక, మెడ మీద చూసేదాన్ని. పొడి అంటిన ప్రతి చుక్కా పొక్కులాగే కనపడేది. తడి వేలితో తుడిస్తే పోయేది. పద్నాలుగో రోజు కూడా తుడిస్తే పోయింది. సిరికి తట్టు రాలేదు.

మల్లి మాత్రం ఆసుపత్రిలో చాలా రోజులుంది. తట్టు మీద నిమ్ము చేసింది. బతికి వచ్చింది, దేవుడు చల్లగా చూశాడు. కానీ ఎడమ చెవిలో చీము పట్టి ఆ చెవికి వినికిడి తగ్గింది. ఇప్పుడు పిలిస్తే కుడివైపు తిప్పి వింటుంది.

తర్వాతి మీటింగులో నేనే లేచి నిలబడ్డాను. దొంగ టిక్కు సంగతి చెప్పాను. కాలనీలో దొరికిన పిల్లల పేర్లు జ్ఞాపకం నుంచి ఒక్కొక్కటే చదివాను. ఈసారి చప్పట్లు లేవు. ఆఫీసరు గారు ఆ పేర్లన్నీ కలిపి లెక్క మళ్లీ వేయించారు. వాళ్లకు టీకాలు ఇంకా పూర్తి కాలేదు గదా, కాలనీ గీత కిందికి దిగిపోయింది, మా ఊరిది కూడా కొంచెం దిగింది. "ఏందమ్మా, ఇట్లా పడిపోయింది?" అన్నారు. "పడలేదు సార్. ఇప్పుడు పిల్లలందరూ లెక్కలోకి వచ్చారు" అన్నాను.

ఆ తర్వాత ఒకరోజు సుజాత గుమ్మంలో కూర్చుని మల్లికి జడ వేస్తూ నన్ను అడిగింది. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది.

"అక్కా, గా మీటింగుల దునియల పిల్లలందరి లెక్కా రాస్తరంటివి గద. మా మల్లిని ఎవ్వలూ ఎందుకు అడగలే?"

మా ఊరిది కాదు, టౌనుది కాదు అని చెప్పనా? పక్కన కూర్చుని మిగతా సగం జడ నేను వేశాను.

ఈ పని నాకు నేర్పింది అదే. టౌనుకెంత, శివారుకెంత, పల్లెకెంత అని గీతలు పక్కపక్కన పెట్టి చూడటం మంచిదే. కానీ ఎంతమందికి వేశాం అని అడిగే ముందు ఎంతమంది ఉన్నారని అడగాలి. టౌను వాళ్లకు ఆసుపత్రులున్నాయి, పల్లె వాళ్లకు ఒకరికొకరున్నారు. ఆ రెంటి మధ్యా అద్దె గదుల్లో ఉండే బిడ్డ కోసం ఎవరో ఒకరు కావాలని నడిచి వెళ్లాలి. నాకు జ్ఞాపకం ఎంత ఉన్నా, కార్డు కంటితో చూడకుండా ఇక టిక్కు పెట్టలేదు. మిల్లుల కాలనీ ఇప్పటికీ నా పరిధి కాదు. నెలకోసారి మధ్యాహ్నం పూట, తీగల మీద బట్టలు చూసుకుంటూ ఆ వీధుల్లో నడిచి వస్తాను.

చాలాసేపు కూర్చోబెట్టాను మిమ్మల్ని. వెళ్లిరండి. మీ ఇంట్లో పిల్లలుంటే వాళ్ల ఒళ్లు చల్లగా ఉండాలి. ఇంకా రావాల్సిన వాళ్లుంటే చల్లగా రావాలి. రేపు మీరు ఏ ఊరికి కాపురం పోయినా, ఏ అద్దె గదిలో దిగినా, మీ గుమ్మం ముందు ఎవరో ఒకరు ఆగి, అమ్మా, నీ బిడ్డ పేరేంది అని అడగాలి. అడిగే మనిషి లేని వీధిలో మీ ఇల్లు ఎప్పుడూ ఉండకూడదు తల్లీ.